జోప్లిన్ దగ్గర మా పెరట్లో సీసం మట్టి తీయించుకున్నాం, ఆ యార్డ్ క్లీనప్ మీద నా రివ్యూ

రేటింగ్ ముందే చెప్పేస్తున్నా, 5 కి 4. ఆ ఒక్క స్టార్ ఎందుకు తగ్గించానో కింద రాశా కానీ అది చూసి ఎవరూ ఆగిపోవద్దు, మీ ఇంటికి ఉచితంగా మట్టి టెస్ట్ చేస్తాం అని ఉత్తరం వస్తే ఆ రోజే సంతకం పెట్టి పంపేయండి. మేం ఆ ఉత్తరాన్ని ఫ్రిజ్ మీద పెట్టి నాలుగు నెలలు మర్చిపోయాం, ఏదో ప్రకటన కాగితం అనుకున్నాం, ఆ నాలుగు నెలలూ మా పాప ఆ మట్టిలోనే కూర్చుని ఆడింది, అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపులో దేవినట్టు ఉంటది.

మేం ఉండేది మిస్సోరీలో జోప్లిన్ పక్కన ఒక చిన్న ఊరు, జాస్పర్ కౌంటీ కిందకి వస్తుంది. మావారికి ఇక్కడ హాస్పిటల్లో ఉద్యోగం. ఈ చుట్టుపక్కల మనవాళ్ళు ఉన్నారు, హాస్పిటల్స్‌లో చేసేవాళ్ళు కొందరు, కాన్సాస్ వైపు పిట్స్‌బర్గ్‌లో యూనివర్సిటీకి వచ్చిన పిల్లలు కొందరు, కానీ వీళ్ళలో నేను అడిగిన వాళ్ళెవరికీ ఈ నేల కింద ఏముందో తెలీదు. మాకూ తెలీదు. 1940ల్లో కట్టిన ఇల్లు, పెద్ద పెరడు, రెండు వాల్‌నట్ చెట్లు, రేటు మా బడ్జెట్‌లో ఉంది, కొనేశాం. డ్రైవ్‌వే మీద బూడిద రంగు సన్న కంకర పోసి ఉంటే బాగుంది కదా బురద అవ్వదు అనుకున్నాం. ఆ కంకర పేరు చాట్ అని, అది గనిలోంచి వచ్చిందని తర్వాత తెలిసింది.

చాట్ అంటే రాయి పిండి చేసి అందులోంచి సీసం, జింక్ తీసుకున్నాక మిగిలిపోయే రాతి పొట్టు. ఈ ప్రాంతాన్ని ట్రై స్టేట్ మైనింగ్ డిస్ట్రిక్ట్ అంటారు, మిస్సోరీ, కాన్సాస్, ఓక్లహోమా మూడు రాష్ట్రాలు కలిసే మూల. 1840ల చివర్లో ఇక్కడ సీసం దొరికింది, జోప్లిన్ ఊరు పుట్టిందే ఆ గనుల మీద, 1873 లో. వందేళ్ళకి పైగా తవ్వారు, ఒకప్పుడు అమెరికా మొత్తం తీసిన జింక్‌లో సగం ఇక్కడి నుంచే వచ్చేదట. కంపెనీలు పోయాయి, గుట్టలు మిగిలాయి, ఆ గుట్టల్లోంచి ఊళ్ళోవాళ్ళు బండ్ల కొద్దీ తెచ్చి రోడ్లకి, రైలు పట్టాల కిందకి, ఇళ్ళ పునాదుల్లోకి, చివరికి పిల్లలు ఆడుకునే ఇసుక పెట్టెల్లోకి కూడా పోసుకున్నారు, ఎందుకంటే ఊరికే దొరికేది, చూడ్డానికి శుభ్రంగా ఉండేది. దానికి తోడు సీసం కరిగించే స్మెల్టర్ల పొగ గొట్టాల్లోంచి దశాబ్దాల పాటు దుమ్ము ఊళ్ళ మీద పడింది. సీసం కుళ్ళదు, ఆవిరవదు, వానకి కొట్టుకుపోయి ఎక్కడికో పోదు. పై జానెడు మట్టిలోనే అంటిపెట్టుకుని ఉంటుంది, అంటే సరిగ్గా పిల్లల చేతులు పడే చోట.

మాకు తెలిసింది పాప రక్తం వల్ల. ఏడాది చెకప్‌కి తీసుకెళ్తే ఈ ఏరియాలో ఇది మామూలేనమ్మా అని వేలు గుచ్చి లెడ్ టెస్ట్, అంటే సీసం టెస్ట్, చేశారు, 8.2 వచ్చింది. వేలి మీద దుమ్ము ఉంటే తప్పు రీడింగ్ రావచ్చు, నరం నుంచి తీసి మళ్ళీ చూద్దాం అన్నారు, అప్పుడు 6.4. ఇక్కడ సీడీసీ వాళ్ళు, అంటే అమెరికా కేంద్ర ఆరోగ్య సంస్థ వాళ్ళు, పెట్టిన గీత 3.5, డెసిలీటర్ రక్తానికి అన్ని మైక్రోగ్రాములు అని లెక్క. ఆ గీత 2012 దాకా 10 ఉండేది, తర్వాత 5 చేశారు, 2021 లో 3.5 చేశారు, అంటే పదిహేనేళ్ళ క్రితం అయితే మా పాప రిపోర్ట్ చూసి ఏం ఫర్వాలేదు అని పంపేసేవాళ్ళు. ఆ మాట డాక్టర్ నోటి నుంచి విన్నప్పుడు నేను అక్కడే ఏడ్చేశా. గీత 3.5 అంటే దాని కింద క్షేమం అని కూడా కాదట, పిల్లల మెదడుకి ఇంత సీసం అయితే ఏం కాదు అనే లెక్కే లేదట. పైగా పెద్దవాళ్ళ కడుపులోకి వెళ్ళిన సీసంలో పదో వంతు ఒంటికి పడితే చిన్నపిల్లలకి సగం దాకా పడుతుంది. మందు ఉందా అంటే రక్తంలో ఆ అంకె 45 దాటిన పిల్లలకే ఇస్తారు, మనలాంటి వాళ్ళకి ఉన్న మందల్లా అది ఎక్కణ్ణించి వస్తుందో కనిపెట్టి దాన్ని ఆపడమే.

హెల్త్ డిపార్ట్‌మెంట్ నర్స్ ఇంటికొచ్చి గంటన్నర కూర్చుంది. మనవాళ్ళ ఇంటికి వచ్చినప్పుడు వాళ్ళు అడిగే ప్రశ్నలు వేరే ఉంటాయి, పసుపు ఎక్కడ కొంటారు, ఇండియా నుంచి విడిగా తెచ్చిందా, కుంకుమ సింధూరం వాడతారా, పాపకి కాటుక పెడతారా అని. నాకు మొదట కొంచెం మనసు కష్టమైంది, మన వంటింటి మీద అనుమానం ఏంటి అని, కానీ పసుపులో రంగు కోసం లెడ్ క్రోమేట్ అనే సీసపు పొడి కలిపే కల్తీ నిజంగానే ఉంది కాబట్టి అడగడం న్యాయమే. డబ్బాలన్నీ చూసింది, అవేవీ కారణం కాదని తేలాక బయటికొచ్చి డ్రైవ్‌వే కంకర చూసి, పాప బొమ్మలు ఉన్న చోటు చూసి, మీకు మట్టి టెస్ట్ ఉత్తరం రాలేదా అని అడిగింది. అప్పుడు ఫ్రిజ్ మీద నుంచి దుమ్ము దులిపి తీశా.

ఇక సర్వీస్ సంగతి. ఇది ప్రైవేటుగా డబ్బు పెట్టి చేయించుకునేది కాదు, సూపర్‌ఫండ్ అనే కేంద్ర ప్రభుత్వ చట్టం కింద ఈపీఏ, అంటే ఇక్కడి పర్యావరణ రక్షణ సంస్థ, నడిపే ప్రోగ్రాం. మా కౌంటీలో పెద్ద భాగం ఒరొనోగో డ్యూన్‌వెగ్ మైనింగ్ బెల్ట్ అనే పేరుతో 1990 నుంచీ ఆ చట్టం కింద శుభ్రం చేయాల్సిన స్థలాల లిస్టులో ఉంది. జోప్లిన్‌లో పాత స్మెల్టర్ చుట్టుపక్కలే 2,000 పైన ఇళ్ళ పెరళ్ళు మేం రాక ముందే తవ్వి మార్చేశారు. పక్కనే ఉన్న న్యూటన్ కౌంటీకి కూడా టెస్టింగ్ ఉంది. ఒక్క పైసా కట్టక్కర్లేదు, టెస్ట్‌కీ లేదు, తవ్వినందుకూ లేదు, కొత్త గడ్డికీ లేదు. ఇది మళ్ళీ రాస్తున్నా ఎందుకంటే నేను చెప్పిన ప్రతి ఒక్కరూ మొదట అడిగింది ఎంత అయింది అనే.

శాంపిల్ తీయడానికి ఇద్దరు వచ్చారు. పెరడుని భాగాలు చేసుకున్నారు, ఒక్కో భాగంలో అయిదు చోట్ల పై అంగుళం మట్టి తీసి కలిపి ఒక శాంపిల్, ఇంటి గోడ వెంబడి చూరు నీళ్ళు పడే చోట విడిగా, డ్రైవ్‌వే విడిగా, పాప ఆడే చోటు విడిగా, కూరగాయల మడి విడిగా. వీళ్ళ పని తీరు నాకు చాలా నచ్చింది, తొందర లేదు, ప్రతి సంచీ మీద రాసుకుని ఫోటో తీసుకుని, నేను అడిగిన ప్రతి ప్రశ్నకీ నిలబడి జవాబు చెప్పారు. ఆ మట్టిని జల్లించి సన్న పొడి మాత్రమే కొలుస్తారట, ఎందుకంటే పిల్లల చేతికి అంటుకుని నోట్లోకి పోయేది ఆ సన్న పొడే, గులకరాయి కాదు.

లెక్కలు పీపీఎంలో వచ్చాయి. పీపీఎం అంటే కిలో మట్టిలో అన్ని మిల్లీగ్రాముల సీసం. మామూలు నేలలో 10 నుంచి 50 మధ్య ఉంటుంది. మా ముందు వైపు 240, వెనక పెరడు 690, గోడ వెంబడి 910, డ్రైవ్‌వే 1,350. ఎంత దాటితే ప్రమాదం అనే గీత కూడా మారుతూ వచ్చింది, చాలా ఏళ్ళు 400 ఉండేది, 2024 జనవరిలో 200 కి దించారు, పక్కూళ్ళో ఎవరో గీత ఎంతో సరిగ్గా తెలిసాక చూద్దాం అని ఆగారంట, కానీ మా వెనక పెరడు ఏ గీత పెట్టి చూసినా పైనే ఉంది, ఆగడానికి ఏముంది. కూరగాయల మడి 520. ఆ అంకె చూసి నేను ఎక్కువసేపు మాట్లాడలేకపోయా, ఎందుకంటే ఆ మడి మా అమ్మ వేసింది.

మాది వినుకొండ వైపు. అమ్మ పాప పుట్టినప్పుడు వచ్చి ఆరు నెలలు ఉండి ఆ పెరట్లో గోంగూర, తోటకూర, బచ్చలి, దోస పాదు పెట్టింది, మళ్ళీ రెండో ఏడు వచ్చింది, ఆ గోంగూర పచ్చడి మేమే కాదు ఇక్కడి తెలుగు ఇళ్ళన్నీ తిన్నాయి. మా ఊరి దగ్గర్లోనే బండ్లమోటు కొండలో సీసం గని ఉండేది, హిందుస్థాన్ జింక్ వాళ్ళు తవ్వేవాళ్ళు, అమ్మకి సీసం గని అంటే ఏంటో తెలుసు, కానీ గని అంటే కొండలో ఉండేది, ఇక్కడ ఇంటి గడప దగ్గర ఉండటం ఏంటి అని ఆమె ఆశ్చర్యం. ఆ ఆకు తిన్నందుకు ఏమవుతుందో అని నేను భయపడి నర్స్‌ని అడిగితే మొక్క వేళ్ళ గుండా లోపలికి లాగే దాని కన్నా ఆకు మీద అంటుకున్న మట్టి దుమ్ముతోనే ఎక్కువ ముప్పు అంది, దోస, బీర, టమాటా లాంటి కాయల్లో చాలా తక్కువ, ఆకు కూరల్లో, దుంపల్లో ఎక్కువ. కొంచెం వెనిగర్ కలిపిన నీళ్ళలో ఆకు కడగమంది. అమ్మ మాత్రం ఎప్పుడూ గోంగూరని నాలుగు నీళ్ళు కడిగి తీస్తుంది, ఇసుక పళ్ళకి తగలకూడదని. ఆ నాలుగు నీళ్ళే మమ్మల్ని కొంతైనా కాపాడాయేమో అనుకుంటా.

తవ్వకం ఏప్రిల్‌లో. చలికాలం నేల గడ్డకట్టి ఉంటుంది కాబట్టి వెయిటింగ్ తప్పలేదు, ఆ వెయిటింగ్‌లో ఏం చెయ్యాలో చెప్పారు, గడ్డి లేకుండా నేల కనపడే చోట చెక్క పొట్టు మందంగా పరిచాం, చెప్పులు బయటే, పాప బొమ్మలు రోజూ కడగటం. పని మొదలయ్యే ముందు ఒకరోజు మొత్తం వీడియో తీశారు, ఏ చెట్టు ఎక్కడ, కంచె ఎలా ఉంది, గోడలో పగుళ్ళు ఉన్నాయా అని. మీరు కూడా మీ ఫోన్‌లో మీ వీడియో తీసుకోండి, ఇది ఎందుకు చెప్తున్నానో కింద వస్తుంది. సాయంత్రం వెలుతురులో నేల వాలు కనపడేలా తీయండి.

అమ్మ అప్పటికి మూడోసారి వచ్చి ఉంది. పొద్దున్నే ఏడింటికి బాబ్‌క్యాట్ అనే మట్టి తవ్వే చిన్న బండి, నీళ్ళ ట్యాంకర్, రెండు ట్రక్కులు. పెద్ద యంత్రం వెళ్ళే చోట యంత్రం, వాల్‌నట్ చెట్ల వేళ్ళ చుట్టూ మాత్రం మనుషులు మోకాళ్ళ మీద కూర్చుని చిన్న పారలతో చేత్తో తవ్వారు, అది చూసి అమ్మ లోపలికెళ్ళి వాళ్ళకి మజ్జిగ కలిపి తెచ్చింది, ఉప్పూ అల్లం వేసి, ఇద్దరు తాగారు. ఒక అడుగు లోతు తీస్తారు, తీశాక ఎక్స్‌ఆర్‌ఎఫ్ గన్ అనే చేతి యంత్రం పెట్టి అడుగున ఎంతుందో చూస్తారు, ఇంకా ఎక్కువ ఉంటే ఇంకా లోతుకి. మా డ్రైవ్‌వే దగ్గర ఎంత తవ్వినా చాట్ వస్తూనే ఉంది, అక్కడ ఇంక ఆపి నారింజ రంగు ప్లాస్టిక్ వల పరిచారు, దాని మీద మంచి మట్టి. ముప్పై ఏళ్ళ తర్వాత ఎవరో ఇల్లు కొని గుంత తవ్వితే ఆ వల కనపడగానే ఆగాలి, కింద సీసం ఉంది అని దాని అర్థం. ఈ ఒక్క ఏర్పాటు నన్ను చాలా కదిలించింది, ఎవరో ఊరూ పేరూ తెలీని మనిషి కోసం ఇప్పుడే ఒక గుర్తు పెట్టి పోవడం.

తవ్వినంతసేపూ నీళ్ళు చల్లుతూనే ఉన్నారు దుమ్ము లేవకుండా, ట్రక్కు మీద టార్పాలిన్ కట్టకుండా ఒక్క లోడు కూడా గేటు దాటలేదు, టైర్లు కడిగి పంపారు. కిటికీలన్నీ మూసుకోమన్నారు. అమ్మ కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని తన మడి ఉన్న చోటు లేచిపోవడం చూసింది. రెండేళ్ళు పేడ ఎరువు కొని తెప్పించి, కూరగాయల తొక్కులు వేసి, మెత్తగా గుల్లగా చేసుకున్న మట్టి అది. బకెట్ ఎత్తినప్పుడు నల్లగా మెరిసింది. "భూమిని కూడా ఆస్పత్రికి తీసుకుపోతారన్న మాట" అంది, అంతే, ఆ రోజు ఇంక ఏం మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున ఆమే ఒక సంగతి పట్టుకుంది, అంతమందిలో ఎవరికీ తట్టనిది. మా ఇంట్లో కరివేపాకు, తులసి కుండీల్లో ఉంటాయి, ఈ చలికి బయట బతకవు కాబట్టి అక్టోబర్ నుంచి మే దాకా హాల్లో కిటికీ పక్కన. "ఆ కుండీల్లో మట్టి ఎక్కడిదే, ఈ పెరటిదేగా" అంది. నిజమే. పాప ఆ కుండీ అంచు పట్టుకునే నిలబడటం నేర్చుకుంది, తులసాకు రోజూ దాని నోట్లో పెట్టేవాళ్ళం. సూపర్‌వైజర్‌కి చెప్తే గన్ తెచ్చి చూశాడు, రెండూ 500 దగ్గర. రెండు మొక్కలూ పెరికి వేళ్ళు బకెట్ నీళ్ళలో కడిగి కొత్త పాటింగ్ మట్టిలో పెట్టాం, ఆ కుండీ మట్టిని వాళ్ళ ట్రక్కులోనే వేసుకుపోయారు. కరివేపాకు నెల రోజులు అలిగి ఆకులన్నీ రాల్చి మళ్ళీ చిగురేసింది. ఈ రివ్యూ చదివిన మన ఆడవాళ్ళు వేరే ఏదీ గుర్తుపెట్టుకోకపోయినా ఇది గుర్తుపెట్టుకోండి, శాంపిల్ తీసేవాళ్ళు బయట చూస్తారు, మన కుండీలు ఇంట్లో ఉంటాయి, మీరే చెప్పాలి.

ఇప్పుడు ఆ తగ్గించిన స్టార్. తవ్వడానికి ఒక కాంట్రాక్టర్, మట్టి నింపి గడ్డి వేయడానికి వచ్చింది వేరే చిన్న కాంట్రాక్టర్, పేరు రాయను. తవ్వినవాళ్ళ పనికి వంక పెట్టలేను. నింపినవాళ్ళ దగ్గరే తేడా వచ్చింది. సీసం లేని మట్టే, దాని టెస్ట్ కాగితం చూపించారు, కానీ అది ఉత్త బంక మన్ను, అమ్మ పిడికెడు తీసుకుని నలిపి చూసి ఇది గట్టుకి పనికొస్తుంది గానీ మడికి పనికిరాదు అని తేల్చేసింది. దాని మీద బండి నాలుగుసార్లు తొక్కితే సిమెంట్ నేలలా అయింది, పైన పరిచిన గడ్డి చాపల వేళ్ళు దిగక జూలై ఎండకి సగం ఎండిపోయాయి. రోజూ నీళ్ళు పెట్టాలని చెప్పారు, పెట్టాం, నీళ్ళు లోపలికి ఇంకితేగా. అంతకన్నా పెద్దది, నేల వాలు తప్పు పెట్టారు, మొదటి పెద్ద వానకి నీళ్ళు వెనక్కి కాలవలోకి పోవాల్సింది ఇంటి గోడ వైపు వచ్చి నిలబడ్డాయి. ఫోన్ చేస్తే ముందు నుంచీ అలాగే ఉంది కదా అన్నారు. అప్పుడు మావారు తను ముందే తీసుకున్న వీడియో పంపారు, వాలు స్పష్టంగా కనపడుతుంది అందులో, వారం తిరక్కుండా వచ్చి సరిచేశారు. గేటు స్తంభం ఒకటి బండి తగిలి ఒరిగింది, దానికి మూడు వారాలు పట్టింది. వీడియో లేకపోతే ఆ వాలు గొడవ ఎన్నాళ్ళు సాగేదో.

గడ్డి మళ్ళీ వేశారు సెప్టెంబర్‌లో, ఈసారి పైన రెండు అంగుళాలు కంపోస్ట్ కలిపిన మట్టి వెయ్యమని మేం పట్టుబట్టాం, ఒప్పుకున్నారు, ఇప్పుడు బాగుంది. మీ ఇంటికి చేయిస్తే సంతకం పెట్టే ముందే అడగండి, పై మట్టి ఎలాంటిది, కూరగాయల మడి ఉన్న చోట ఏం వేస్తారు, ఎన్ని రోజులు నీళ్ళు వాళ్ళు పెడతారు, ఎన్ని రోజులు మనం. కాగితం మీద రాయించుకోండి. అడిగినవాళ్ళకి చేస్తారు.

కొందరు అడిగారు, అంత మట్టి మోసుకెళ్ళే బదులు ఏదన్నా మందు కలిపి సీసాన్ని చంపలేరా అని. ప్రయత్నాలు ఉన్నాయి, అందులో పేరున్న ప్రయోగాలు మా జోప్లిన్ మట్టి మీదే జరిగాయి 1990ల చివర్లో, ఫాస్ఫేట్ కలిపితే సీసం పైరోమార్ఫైట్ అనే గట్టి ఖనిజంగా మారి కడుపులో అంత తేలిగ్గా కరగదు. కాలిఫోర్నియాలో వెస్ట్ ఓక్లండ్‌లో చేప ముళ్ళ పొడి కలిపి ఇదే పని చేశారు, ముళ్ళలో ఫాస్ఫేట్ ఉంటుంది కాబట్టి. మంచి ఆలోచనే, డబ్బూ మట్టీ రెండూ మిగులుతాయి, కానీ సీసం అక్కడే ఉంటుంది, రూపం మారి ఉంటుంది. ఏడాదిన్నర పాప నేల మీద పాకే ఇంట్లో నాకు మాత్రం అది ఇంటి నుంచి వెళ్ళిపోవడమే కావాలి.

ఈ డబ్బంతా ఎవరిది అని మావారు తెగ చదివారు. సూపర్‌ఫండ్ చట్టం 1980 నాటిది, పాడు చేసినవాడే కట్టాలి అనేది దాని మూలం, కానీ పాడు చేసిన కంపెనీలు చాలావరకు ఎప్పుడో మూతపడ్డాయి. అసార్కో అనే పెద్ద మైనింగ్ కంపెనీ 2005 లో దివాలా తీసింది, 2009 లో ఆ కేసు తేలినప్పుడు 19 రాష్ట్రాల్లోని 80 పైన స్థలాల కోసం 179 కోట్ల డాలర్లు కట్టింది. మిగతాదాంట్లో జనం పన్నులూ ఉన్నాయి. అంటే మనం కట్టే ట్యాక్స్ కూడా అందులో ఉంది, ఉచితంగా చేయించుకుంటున్నాం అని మొహమాటపడకండి, నాకు తెలిసిన ఒక అంకుల్ గారు మనకెందుకులే ప్రభుత్వం వాళ్ళని ఇంట్లోకి రానివ్వడం అని వద్దన్నారు, వీసా కేసుకి ఏమన్నా అవుతుందేమో అని ఆయన భయం. మమ్మల్ని ఎవరూ వీసా గురించి ఒక్క ముక్క అడగలేదు, ఇంటి ఓనర్ ఎవరు అని మాత్రమే అడిగారు.

పికర్ చూసొచ్చాం ఒక ఆదివారం. ఇక్కణ్ణించి అరగంట పైన డ్రైవ్, ఓక్లహోమా వైపు. ఒకప్పుడు వేలమంది ఉన్న ఊరు, ఇప్పుడు ఖాళీ. అక్కడా పెరళ్ళు తవ్వి మార్చారు, కానీ ఊరు చుట్టూ కొండల్లాంటి చాట్ గుట్టలు ఉంటే గాలికి మళ్ళీ దుమ్ము వచ్చి పడుతుంది, పైగా ఊరి కింద గనుల బొరియల వల్ల నేల కుంగుతుందని 2006 లో తేలింది, 2008 మే టోర్నడోలో చాలా ఇళ్ళు పోయాయి, 2009 లో ఊరినే రద్దు చేశారు. జనానికి డబ్బిచ్చి పంపేశారు. అమ్మ కారు దిగలేదు. రోడ్డు పక్కన ఒక ఇంటి మెట్లు మాత్రం మిగిలి ఉన్నాయి, ఇల్లు లేదు. మా జోప్లిన్‌కి కూడా 2011 మే 22 న టోర్నడో వచ్చి 150 మందికి పైగా పోయారు, అప్పుడు ఇళ్ళు లేచిపోయి పునాదుల కింద పోసిన చాట్ అంతా బయటపడింది, ఆ దెబ్బతిన్న వీధుల్లో మళ్ళీ ఇళ్ళు కట్టే ముందు మట్టి పరీక్ష చేసి శుభ్రం చేశారు. అందుకే జోప్లిన్‌లో కొత్త ఇళ్ళు ఉన్న వీధికీ పాత ఇళ్ళు ఉన్న వీధికీ తేడా ఉంటుంది, కొనేవాళ్ళు ఆ ఇంటి అడ్రస్‌కి క్లీనప్ లెటర్ ఉందా అని అడగండి, మాకు అమ్మిన ఏజెంట్ ఆ మాట ఎత్తలేదు, మేమూ అడగలేదు.

మట్టి మార్చినంత మాత్రాన ఇల్లు శుభ్రమైపోదు, ఇది కూడా రాయాలి. అన్నేళ్ళ దుమ్ము కార్పెట్‌లో, కిటికీ గాడుల్లో ఉంటుంది. మేం కార్పెట్ పీకేశాం, సన్న దుమ్ముని కూడా పట్టే హెపా ఫిల్టర్ ఉన్న వాక్యూమ్ కొన్నాం, కిటికీ అంచులు తడిగుడ్డతో తుడవటం, పొడి చీపురు అసలు ముట్టుకోకూడదు, దుమ్ము లేచి మళ్ళీ పడుతుంది. 1978 కి ముందు కట్టిన ఇల్లయితే పెయింట్‌లో కూడా సీసం ఉండొచ్చు, మా వరండా రెయిలింగ్‌కి ఉంది, అది పెచ్చులూడి కొత్త మట్టిలో పడితే మళ్ళీ మొదటికొస్తుంది, అందుకని లెడ్ పనికి సర్టిఫికెట్ ఉన్న పెయింటర్‌తో చేయించాం, ఆ ఖర్చు మాత్రం మాదే. తిండి విషయంలో డాక్టర్ ఐరన్, కాల్షియం బాగా ఇవ్వమన్నారు, అవి తక్కువైతే ఒళ్ళు సీసాన్ని ఇంకా ఎక్కువ లాక్కుంటుందట. అమ్మ వెంటనే రాగి జావ మొదలుపెట్టింది, పొద్దున జావ, సాయంత్రం తోటకూర పప్పు, బజార్లో కొన్న తోటకూరతో.

పాపకి మూడు నెలలకోసారి టెస్ట్. తవ్వకానికి ముందే జాగ్రత్తలతో 6.4 నుంచి 5.1 కి వచ్చింది, తవ్విన తర్వాత 3.8, మొన్న ఫిబ్రవరిలో 2.3. రక్తంలోది నెల, రెండు నెలల్లో తగ్గుతుంది కానీ ఎముకల్లో చేరింది ఏళ్ళ తరబడి ఉంటుందట, కాల్షియం అనుకుని ఒళ్ళు దాచుకుంటుంది. అందుకని టెస్టులు ఆపలేదు. మాటలు బాగానే వస్తున్నాయి, అమ్మమ్మతో ఫోన్‌లో గంటలు గంటలు మాట్లాడుతుంది.

అద్దెకుండే పిల్లలు నన్ను అడుగుతున్నారు కాబట్టి చెప్తున్నా, ఓనర్ సంతకం లేకుండా తవ్వరు, మీరు ఓనర్‌ని అడగాలి, అతనికీ ఖర్చు లేదు కాబట్టి సాధారణంగా కాదనరు. ఇంట్లో చిన్నపిల్లలు, గర్భిణులు ఉంటే ఆ సంగతి ఫోన్‌లో మొదటే చెప్పండి. పని అయ్యాక ఇచ్చే లెటర్‌ని ఇంటి కాగితాలతో కలిపి పెట్టుకోండి, మేం దాన్ని లామినేషన్ చేయించాం.

మా ఇంటి వెనక సందు ఒకటి ఉంది, కంచె అవతల, అది మా ప్లాట్ కాదు కాబట్టి మా పనిలోకి రాలేదు, అక్కడ ఇంకా ఆ బూడిద రంగు కంకరే. చెత్త డబ్బా పెట్టడానికి అటు వెళ్ళినప్పుడు వేరే చెప్పులు, అవి కంచె దగ్గరే విప్పి లోపలికి వస్తాం. అమ్మ మే నెలలో వస్తోంది, ఈసారి మడి నేల మీద కాదు, చెక్క పెట్టెలు కట్టించి కొన్న మట్టి పోసి ఉంచాను, ఎర్ర కాడ గోంగూర గింజలు ఆమె సూట్‌కేసులో ఎప్పుడో సర్దేసిందట.